సింప్సన్స్‌ను తేదీ పట్టుకుని చూడటం ఎలా

సింప్సన్స్ అనే కార్టూన్ సీరియల్ 1989 డిసెంబర్ 17న అమెరికాలో ఫాక్స్ చానల్‌లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే, 1987 ఏప్రిల్ 19 నుంచి, ట్రేసీ ఉల్మన్ షో అనే హాస్య కార్యక్రమంలో చిన్న చిన్న బిట్లుగా ఆ కుటుంబం జనానికి పరిచయం. ఇప్పటికి సీజన్లు 35 దాటాయి, ఎపిసోడ్లు 750 దాటాయి. ఆ ఇంటి కొడుకు బార్ట్‌కు ఇంకా పదేళ్లే, కూతురు లీసాకు ఎనిమిదే. కొత్తగా చూసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. మనుషులకు వయసు పెరగడం లేదు కాబట్టి ఏది ఎప్పుడు చూసినా ఒకటే అనుకుంటారు. పాత్రలకు వయసు లేకపోయినా ప్రతి ఎపిసోడ్‌కూ పుట్టినతేదీ ఉంది. ఆ తేదీ చేతిలో ఉంటేనే జోక్ ఎవరి మీద వేశారో, అది జనం నోట్లోకీ నిఘంటువులోకీ గొడవల్లోకీ ఎలా వెళ్లిందో అర్థమవుతుంది.

ముందు లెక్క చూద్దాం. ఎపిసోడ్ సుమారు 22 నిమిషాలు. 750 ఎపిసోడ్లంటే 275 గంటలు, రోజుకు గంట చొప్పున తొమ్మిది నెలలు. మొదటి నుంచి వరసగా చూసేద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది మొదటి సీజన్‌లోనే ఆగిపోతారు. అందులో తప్పు వాళ్లది కాదు. ఆ 13 ఎపిసోడ్లలో బొమ్మ కుదురుగా ఉండదు, తండ్రి హోమర్ గొంతు వేరేగా వినిపిస్తుంది, కథ నెమ్మదిగా కదులుతుంది. అసలు మొదట తయారైన ఎపిసోడ్‌కు యానిమేషన్ సరిగ్గా రాక చాలా భాగం మళ్లీ చేయించాల్సి వచ్చింది. అది సీజన్ చివరికి, 1990 మేకు వెళ్లిపోయింది. దాని స్థానంలో క్రిస్మస్ కథతో షో మొదలైంది.

కాబట్టి నాలుగో సీజన్‌లోని ‘మార్జ్ వర్సెస్ ద మోనోరైల్’తో మొదలుపెట్టండి. 1993 జనవరి 14న వచ్చింది, రాసింది కోనన్ ఓబ్రయన్. ఊరికి అనుకోకుండా డబ్బొస్తుంది. రోడ్డు బాగు చేయించుకుందాం అంటుంది తల్లి మార్జ్. ఇంతలో ఒక మాటకారి దిగి, పాట పాడి, అందరి చేతా మోనోరైల్‌కు జై కొట్టిస్తాడు. ఆర్భాటపు ప్రాజెక్టును ఎగతాళి చేయాలంటే ‘మోనోరైల్’ అని ఒక్క మాట అంటే చాలు, అభిమానులకు విషయం అర్థమైపోతుంది. ఆ తర్వాత ఇదే వరసలో చూడండి: ‘లీసా ది ఐకనోక్లాస్ట్’ (1996 ఫిబ్రవరి 18), ‘మచ్ అపూ అబౌట్ నథింగ్’ (1996 మే 5), ‘హోమర్స్ ఎనిమీ’ (1997 మే 4), ‘బార్ట్ టు ద ఫ్యూచర్’ (2000 మార్చి 19). ‘అండ్ మ్యాగీ మేక్స్ త్రీ’ 1995 జనవరి 22 నాటిదే అయినా దాన్ని చివరికి అట్టిపెట్టండి. దాని సంగతి అక్కడికొచ్చాక చెబుతాం.

ప్రతి ఎపిసోడ్‌నూ రెండుసార్లు చూడాలి. మొదటిసారి ఆపకుండా, నవ్వుకుంటూ. రెండోసారి నోట్‌బుక్ పక్కన పెట్టుకుని మూడు విషయాలు రాసుకోండి: ప్రసారమైన తేదీ, ఆ రోజుల్లో అమెరికాలో నడుస్తున్న సంగతి, ఆ సంగతి కథలో ఏ వేషంలో వచ్చిందన్నది. రెండో దానికి ఆ నెల వార్తాపత్రికల శీర్షికలు చూస్తే సరిపోతుంది. ఉదాహరణకు ఊళ్లోకి ఎలుగుబంటి రావడంతో మొదలయ్యే ‘మచ్ అపూ అబౌట్ నథింగ్’లో చట్టవిరుద్ధంగా ఉంటున్నవాళ్లను ఊరి నుంచి పంపేసే ప్రతిపాదనకు ఓటింగ్ జరుగుతుంది. చట్టవిరుద్ధంగా వచ్చినవాళ్లకు ప్రభుత్వ సేవలు ఆపాలన్న ప్రపోజిషన్ 187 మీద 1994లో కాలిఫోర్నియాలో జరిగిన ఓటింగ్ సంగతి తెలియకపోతే అదొక వట్టి ఎలుగుబంటి కథలా మిగులుతుంది.

ఒక హెచ్చరిక. కథల మధ్య కాలక్రమం కుదర్చాలని మాత్రం ప్రయత్నించకండి. 1991లో వచ్చిన ఎపిసోడ్‌లో హోమర్, మార్జ్ 1974లో హైస్కూల్లో కలుస్తారు. 2008లో వచ్చిన మరో ఎపిసోడ్‌లో వాళ్లు 1990లలో ఇంకా పెళ్లికాని జంట. గతం కూడా కాలంతోపాటు జరుగుతూ ఉంటుంది. మీరు పట్టుకోవాల్సింది ప్రసార తేదీని, కథలోని తేదీని కాదు.

తెర కొలత సరిచూసుకోండి

2009 ఫిబ్రవరి 15కు ముందు వచ్చిన ఎపిసోడ్లన్నీ 4:3 కొలతలో గీసినవి, అంటే పాత టీవీ ఆకారం. వాటిని 16:9 తెర నిండా చూపించాలంటే పైనా కిందా కోసేయాలి. బొమ్మ ఎత్తులో సరిగ్గా నాలుగో వంతు పోతుంది. 2019 నవంబర్‌లో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు పాత ఎపిసోడ్లను అలాగే కోసి పెట్టారు, అభిమానులు ఊరుకోలేదు. వాళ్లు చూపించిన సాక్ష్యాల్లో గట్టిది 1993 నాటి ‘డఫ్‌లెస్’లోని బీరు ఫ్యాక్టరీ దృశ్యం. డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు పెద్ద ట్యాంకులు పక్కపక్కనే ఉంటాయి. పైకి చూస్తే మూడింటిలోకీ ఒకే గొట్టం నుంచి బీరు వస్తుంటుంది. జోకంతా ఆ గొట్టమే. పైభాగం కోసేస్తే గొట్టం పోయి, మూడు ట్యాంకుల ముందు నిలబడ్డ మనుషులు మాత్రం మిగిలారు.

2020 మేలో డిస్నీ ప్లస్ దీన్ని సరిదిద్దింది. షో పేజీలో వివరాల విభాగంలోకి వెళ్తే ‘రీమాస్టర్డ్ ఆస్పెక్ట్ రేషియో’ అనే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆఫ్ చేస్తే పాత కొలత వస్తుంది. సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడం తేలిక: తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు కనిపించాలి. టీవీ రిమోట్‌లో జూమ్ లేదా స్ట్రెచ్ ఆన్ అయి ఉంటే అదికూడా తీసేయండి, లేకపోతే స్విచ్ మార్చినా ఉపయోగం లేదు.

మూడో సీజన్‌లో మొదటి ఎపిసోడ్ కనిపించకపోతే మీ యాప్‌లో లోపం ఉందని అనుకోవద్దు. మైకేల్ జాక్సన్ గొంతు ఉన్న ‘స్టార్క్ రేవింగ్ డాడ్’ను 2019 మార్చిలో నిర్మాతలే పక్కన పెట్టారు. ఈ షో దేశ రాజకీయాలతో నేరుగా తలపడిన సందర్భం కూడా ఆ ఎపిసోడ్‌తోనే ముడిపడి ఉంది. 1992 జనవరి 27న అధ్యక్షుడు జార్జ్ బుష్, అమెరికన్ కుటుంబాలు సింప్సన్స్‌లా కాకుండా వాల్టన్స్‌లా ఉండాలన్నాడు. వాల్టన్స్ అంటే 1930ల ఆర్థిక మాంద్యంలో బతికిన కుటుంబం మీద వచ్చిన సీరియల్. మూడు రోజులకే ఈ ఎపిసోడ్ పునఃప్రసారం ఉంది. దాని ముందు ఒక చిన్న దృశ్యం అతికించారు. సింప్సన్స్ కుటుంబం ఆ ప్రసంగం టీవీలో చూస్తుంటుంది. మేమూ వాల్టన్స్‌లాంటివాళ్లమే, మాంద్యం ఎప్పుడు పోతుందా అని మేమూ మొక్కుకుంటున్నాం అంటాడు బార్ట్. అది ఎన్నికల సంవత్సరం, ఆర్థిక పరిస్థితి అంతంతమాత్రం. మామూలుగా ఒక ఎపిసోడ్ తయారవడానికి నెలలు పట్టే షో మూడు రోజుల్లో జవాబిచ్చింది.

ఆపి చూడాల్సినవి

రాతలు కనిపించిన ప్రతిచోటా ఆపండి: దుకాణం బోర్డు, పత్రిక శీర్షిక, బడి నల్లబల్ల. సబ్‌టైటిల్స్ తెర కింద ఉన్న రాతను కప్పేస్తాయి కాబట్టి ఆపినప్పుడు వాటిని తీసేయండి. సాధన కోసం పాత టైటిల్ దృశ్యం తీసుకోండి. సూపర్‌మార్కెట్ బిల్లింగ్ యంత్రం మీదుగా పసిపాప మ్యాగీ పొరపాటున వెళ్లిపోతుంది. ఆ క్షణంలో ఆపితే యంత్రం మీద 847.63 డాలర్లు అని కనిపిస్తుంది. అప్పట్లో అమెరికాలో పసిబిడ్డను పెంచడానికి నెలకు అయ్యే ఖర్చుగా చెప్పిన అంకె అది. రెప్పపాటులో పోయే చోట అంత పని చేసి పెట్టారు.

ఇంకొకటి 1995 హాలోవీన్ ఎపిసోడ్‌లో ఉంది. హోమర్ త్రీడీ లోకంలోకి వెళ్తాడు. అతని వెనక గాల్లో ఒక సమీకరణం తేలుతుంటుంది: 1782¹² + 1841¹² = 1922¹². రెండు కంటే పెద్ద ఘాతాలతో ఇలాంటి సమీకరణం పూర్ణసంఖ్యల్లో కుదరదని చెప్పే ఫెర్మా చివరి సిద్ధాంతం ప్రకారం ఇది అసాధ్యం. పది అంకెలు చూపించే మామూలు క్యాలిక్యులేటర్‌లో వేస్తే మాత్రం రెండు వైపులా ఒకటే వస్తుంది, ఎందుకంటే తేడా పదో అంకె దగ్గర మొదలవుతుంది, చివరి అంకెను దగ్గరి అంకెకు సవరించడంతో అది కనబడదు. క్యాలిక్యులేటర్ లేకుండానే దీని గుట్టు విప్పొచ్చు. 1782 సరిసంఖ్య, దాన్ని ఎన్నిసార్లు హెచ్చించినా సరిసంఖ్యే. 1841 బేసి, దాని ఘాతమూ బేసే. సరి, బేసి కలిపితే బేసి. కుడివైపున్న 1922 సరిసంఖ్య. పొసగదు. రచయితల బృందంలో గణితం, భౌతికశాస్త్రం చదివినవాళ్లు ఉండేవారు, ఈ సమీకరణం డేవిడ్ ఎక్స్. కోహెన్ పెట్టింది. పిల్లలకు సరి, బేసి నేర్పడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

మాటల వెంట వెళ్లడం

హోమర్ నోట ‘డోహ్’ వినిపించే చోట స్క్రిప్టులో ఆ మాట ఉండదు. ‘చిరాకుతో మూలుగు’ అని మాత్రమే రాసి ఉంటుంది. గొంతు ఇచ్చిన డాన్ కాస్టెల్లనెటా, లారెల్ అండ్ హార్డీ సినిమాల నటుడు జేమ్స్ ఫిన్లేసన్ సాగదీసి అనే మూలుగును తీసుకున్నాడు. షో సృష్టికర్త మ్యాట్ గ్రేనింగ్ దాన్ని కుదించమన్నాడు. 2001లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆ మాటను చేర్చుకుంది.

‘ఎంబిగెన్’ సంగతి ఇంకా బాగుంటుంది. ‘పెద్దది చేయడం’ అనే అర్థంలో 1996 నాటి ‘లీసా ది ఐకనోక్లాస్ట్’ కోసం రాసుకున్న మాట. 2007లో స్ట్రింగ్ సిద్ధాంతం మీద వచ్చిన ఒక భౌతికశాస్త్ర పత్రంలో కనిపించింది, 2018లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువులోకి ఎక్కింది. ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఈ మాట 1884లోనే ఒక బ్రిటిష్ పత్రికలో ఒకసారి అచ్చయింది. అందుకని ఏ మాటనైనా ‘ఈ షో పుట్టించింది’ అనేముందు పెద్ద నిఘంటువులో మొదటి వాడుక తేదీ చూడండి. పుట్టించడం వేరు, వాడుకలోకి తేవడం వేరు. షో చేసింది ఎక్కువగా రెండోదే, అది చిన్న పనేమీ కాదు.

జోస్యాల పోస్టులను పరీక్షించడం

‘సింప్సన్స్ ముందే చెప్పింది’ అనే పోస్టు కనబడితే నాలుగు ప్రశ్నలు వేయండి. ఎపిసోడ్ పేరు ఇచ్చారా? ఆ దృశ్యం నిజంగా ఆ ఎపిసోడ్‌లో ఉందా? ప్రసార తేదీ సంఘటనకు ముందుదేనా? ఆ రోజుల్లో ఆ విషయం అప్పటికే వార్తల్లో ఉందా? పేరు లేని పోస్టును అక్కడే వదిలేయండి, ఇప్పుడు సింప్సన్స్ తరహా బొమ్మను కంప్యూటర్‌తో తయారుచేయడం క్షణాల్లో పని.

అన్నింటికంటే ఎక్కువ తిరిగిన ఉదాహరణ ట్రంప్‌ది. 2000 మార్చి 19న వచ్చిన ‘బార్ట్ టు ద ఫ్యూచర్’లో అధ్యక్షురాలైన లీసా, అధ్యక్షుడు ట్రంప్ నుంచి ఖాళీ ఖజానా వారసత్వంగా వచ్చిందంటుంది. ఇది నిజం. కానీ ట్రంప్ ఎస్కలేటర్ మీద నిలబడి ఉన్న బొమ్మ ఆ ఎపిసోడ్‌లో లేదు. అది 2015 జూలైలో విడిగా విడుదలైన చిన్న వీడియోలోది, అసలు ట్రంప్ ఎస్కలేటర్ దిగింది 2015 జూన్ 16న. అంటే జరిగాక గీసిన బొమ్మను 2000 నాటిదని తిప్పారు. ఇక నాలుగో ప్రశ్న. 1999 అక్టోబర్ నుంచి 2000 ఫిబ్రవరి దాకా ట్రంప్ రిఫార్మ్ పార్టీ తరఫున అధ్యక్ష పోటీకి దిగాలని చూశాడు. రచయితలు వార్తల్లో ఉన్న పేరునే తీసుకుని, అప్పట్లో నవ్వొచ్చే చోట పెట్టారు.

అలాగని ఏదీ నిజం కాదనుకోకండి. 1998 నవంబర్ 8 నాటి ఎపిసోడ్‌లో ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ బోర్డు కింద ‘వాల్ట్ డిస్నీ సంస్థలో భాగం’ అని రాసి ఉంది. 2019 మార్చిలో అదే జరిగింది. పెద్ద కంపెనీలు చిన్నవాటిని మింగడం అప్పటికే చూస్తున్న రచయితలు తమ యజమాని మీదే వేసుకున్న జోక్ అది. 275 గంటల్లో వేలకొద్దీ జోకులున్నప్పుడు కొన్ని తగులుతాయి. తగలనివాటిని ఎవరూ పోస్టు చేయరు.

అపూ గురించి

భారత్ నుంచి వలస వచ్చి కిరాణా కొట్టు నడిపే అపూకు చాలాకాలం భారతీయ యాసతో గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. అమెరికా బడుల్లో దక్షిణాసియా పిల్లలను ఆ యాసతో ఆటపట్టించేవారు. 2017లో హాస్యనటుడు హరి కొండబోలు ఈ బాధ మీదే ఒక డాక్యుమెంటరీ తీశాడు. 2020 జనవరిలో అజారియా ఆ గొంతు ఇక ఇవ్వనన్నాడు. అదే ఏడాది జూన్‌లో, తెల్లవాళ్లు కానివారి పాత్రలకు తెల్ల నటుల చేత గొంతు చెప్పించబోమని షో ప్రకటించింది. ‘మచ్ అపూ అబౌట్ నథింగ్’ వలస వచ్చినవాళ్ల పక్షాన నిలబడ్డ కథ. అయినా నవ్వించడానికి వాడుకున్నది అదే యాస. ఒకదాని కోసం ఇంకోదాన్ని దాచకండి, నోట్‌బుక్‌లో రెండూ పక్కపక్కనే రాయండి.

పిల్లలతో చూసేటప్పుడు ‘ట్రీహౌస్ ఆఫ్ హారర్’ పేరున్న హాలోవీన్ ఎపిసోడ్లను ముందు మీరొక్కరే చూడండి, వాటిలో రక్తపాతం ఎక్కువ. హోమర్ బార్ట్ గొంతు పిసికే దృశ్యం పాత సీజన్లలో తరచూ వస్తుంది, వచ్చినప్పుడు మౌనంగా దాటేయకుండా మాట్లాడండి.

ఇక చివరికి దాచిన ఎపిసోడ్. ఆల్బమ్‌లో మ్యాగీ ఫొటోలు ఎందుకు లేవని పిల్లలు అడగడంతో కథ మొదలవుతుంది. హోమర్ అణువిద్యుత్ ప్లాంట్ వదిలేసి ఇష్టమైన బౌలింగ్ కేంద్రంలో చేరతాడు. మూడో బిడ్డ కడుపున పడటంతో ఆ జీతం చాలక మళ్లీ ప్లాంటుకు వెళ్లి బతిమాలుకుంటాడు. యజమాని బర్న్స్ అతని బల్ల ఎదురుగా ఒక పలక బిగిస్తాడు: మర్చిపోకు, నువ్వు ఎప్పటికీ ఇక్కడే (Don't forget: you're here forever). హోమర్ ఆ పలక మీద మ్యాగీ ఫొటోలు అంటిస్తాడు. కొన్ని అక్షరాలు మూసుకుపోయి, మిగిలినవి కలిస్తే ‘ఆమె కోసం చెయ్యి’ (Do it for her) అని వస్తుంది. ఎంతోమంది తమ బల్ల దగ్గర తమవాళ్ల ఫొటోలతో ఇలాంటి పలక పెట్టుకున్నారు. మీరూ చేసుకోవాలనుకుంటే ముందు ఆంగ్ల వాక్యం మొత్తం రాసి, ఏ అక్షరాలు కనబడాలో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాతే ఫొటోలు కత్తిరించండి. ఫొటోలు ముందు అంటిస్తే అక్షరాలు కుదరవు. ఎపిసోడ్ అయ్యాక ఒక్కసారి వెనక్కి జరిపి, ఆల్బమ్ తిరగేస్తూ పిల్లలు అడిగే ఆ మొదటి ప్రశ్న మళ్లీ వినండి.