ఇంట్లో ఈవీ చార్జింగ్‌కి వేరే మీటరు కావాలంటే: దరఖాస్తు, దానికి ముందు లెక్క

ఎలక్ట్రిక్ కారు ఇంటికొచ్చిన వారానికే "వేరే మీటరు పెట్టించుకో, యూనిట్ ఆరు రూపాయలే" అనేవాళ్లు చుట్టూ తయారవుతారు. అబద్ధమేం కాదు, తెలంగాణ టారిఫ్‌లో ఈవీ చార్జింగ్‌కి ఎల్‌టీ-9 అని కేటగిరీ ఉంది. కానీ వేరే మీటరు తప్పనిసరి కాదు. ఇంటి కనెక్షన్ మీదే చార్జ్ చేసుకోవచ్చని, దానికి ఇంటి రేటే వర్తిస్తుందని 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అందుకని ముందు ఒక నెల పాటు కారు ఎంత కరెంటు లాగుతోందో రాసుకోండి, ఏ దరఖాస్తు పెట్టాలో ఆ తర్వాత చూద్దాం.

కారు యాప్‌లో చూపించే అంకెని నమ్ముకోవద్దు. అది బ్యాటరీలోకి చేరిన కరెంటు, బిల్లు పడేదేమో గోడ దగ్గర లాగిన కరెంటుకి. మా కారు 18 యూనిట్లు ఎక్కిందని చెప్పిన రాత్రి సబ్‌మీటరులో 20.6 తిరిగింది. చార్జింగ్ పాయింటుకి ముందు బోర్డులో, కారు లాగిన యూనిట్లు మాత్రమే చూపే ఒక చిన్న సబ్‌మీటరు బిగించుకోవడమే అన్నిటికన్నా మంచి దారి, కాకపోతే ఎలక్ట్రీషియన్ పక్కనే నిలబడి చూడండి. మా ఇంట్లో ఆయన బోరు మోటారు వైరు కూడా దాని గుండానే లాగేశాడు, కారేసుకుని ఊరెళ్లి రెండు రోజులకి తిరిగొచ్చి చూస్తే మీటరు మూడు యూనిట్లు ముందుకెళ్లి ఉంది, అప్పుడు గానీ తెలియలేదు!

సబ్‌మీటరు లేకపోతే కరెంటు మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటు చాలు. దాని పక్కనే యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. చాలావాటి మీద 3200 అని ఉంటుంది, అంటే నిమిషానికి 53 మిణుకులైతే కిలోవాట్ లోడు. ఇంట్లో మిగతావన్నీ ఆపేసి కారు ఒక్కటే పెడితే, 15 ఆంప్స్ సాకెట్ మీద 3 కిలోవాట్ల దగ్గర, నిమిషానికి 160 దాకా కొడుతుంది. కంటితో లెక్కపెట్టలేరు, ఫోన్లో స్లోమోషన్ వీడియో తీసుకోండి.

ఇప్పుడు డబ్బుల సంగతి. ఇంటికి నెలకి 260 యూనిట్లు, కారుకి 160 అనుకుందాం. ఇంటి స్లాబుల్లో 200 దాటిన వాళ్లకి మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, 300 వరకు 7.70, 400 వరకు 9, 800 వరకు 9.50. ఇల్లు ఒక్కదానికే అయితే 1,482 రూపాయలు, కారు కలిస్తే 2,880. అంటే కారు వాటా 1,398, యూనిట్‌కి 8.74 పడుతోంది. వేరే మీటరు మీద అదే 160 యూనిట్లు 960కి వస్తాయి. మిగిలే నాలుగొందల చిల్లరలోంచి రెండో మీటరు ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ పోతాయి, కొత్త వైరింగ్ ఖర్చు వేరే. రోజూ ఆఫీసుకి దూరం తిరిగేవాళ్లకి గిట్టుబాటే, ఆదివారం గుడికి, బంధువులింటికి తీసే కారుకి మాత్రం నా లెక్కలో దండగ. గృహజ్యోతి సున్నా బిల్లు వస్తున్న ఇంట్లో ఎలక్ట్రిక్ ఆటోనో టాక్సీనో ఉంటే మాత్రం జాగ్రత్త, చార్జింగ్‌తో 200 యూనిట్లు దాటితే ఆ నెల సున్నా బిల్లు పోయినట్టే.

బిల్లు మీద ఆర్‌ఎండీ అనే అంకె కూడా చూడండి. ఆ నెలలో మీరు లాగిన గరిష్ఠ లోడు అది. గీజర్ ఒక్క క్షణం వేస్తే నమోదయ్యేది కాదు, సాధారణంగా అరగంట సగటు. మంజూరైన లోడు 3 కిలోవాట్లుంటే కారు, ఏసీ కలిసి నడిచిన రాత్రే దాటేస్తారు. వేరే మీటరు వద్దనుకున్నా అదనపు లోడు దరఖాస్తు అయితే తప్పదు. హైదరాబాద్, దక్షిణ జిల్లాల వాళ్లు టీజీఎస్పీడీసీఎల్ వెబ్‌సైట్‌లో, ఉత్తర జిల్లాల వాళ్లు టీజీఎన్పీడీసీఎల్‌లో, బిల్లు మీదున్న సర్వీసు నంబరు కొట్టి ఎన్ని కిలోవాట్లు పెంచాలో ఇచ్చి, డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి. 5 కిలోవాట్లు దాటితే త్రీఫేజ్ అడుగుతారు. త్రీఫేజ్ ఉంది కదా అని ధీమా వద్దు, 7.2 కిలోవాట్ల వాల్‌బాక్సు (గోడకి బిగించే చార్జరు) మొత్తం ఒక్క ఫేజు మీదే లాగుతుంది.

వేరే మీటరైతే కొత్త కనెక్షన్ దరఖాస్తే. గుర్తింపు కార్డు, ఇంటి యాజమాన్య పత్రం సిద్ధం పెట్టుకోండి, అద్దెకుంటే ఓనరు రాసిచ్చిన నో అబ్జెక్షన్, అపార్ట్‌మెంట్ అయితే పార్కింగ్ దాకా వైరు లాగడానికి అసోసియేషన్ లెటర్ కూడా దగ్గరుంటే మంచిది. ఏ అవసరానికి అన్నచోట ఈవీ చార్జింగ్ అనే పెట్టండి, కమర్షియల్ అని పెట్టారో రేటే మారిపోతుంది. డబ్బు కట్టాక వచ్చే రిజిస్ట్రేషన్ నంబరు దాచుకోండి. కరెంటు ఆఫీసు మనుషులు చూడటానికి వచ్చేలోగా చార్జింగ్ పాయింటు బోర్డు, దానికి ఎర్తింగ్ పూర్తయి ఉండాలి (ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు చార్జింగే తీసుకోవు, అది వేరే టెన్షన్).

2024లో సవరించిన కేంద్ర వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఈవీకి వేరే కనెక్షన్ అడిగే హక్కు స్పష్టంగా ఉంది. కనెక్షన్ ఇవ్వాల్సిన గడువు మెట్రోల్లో 3 రోజులు, మిగతా మున్సిపాలిటీల్లో 7, పల్లెల్లో 15. కొత్తగా లైను లాగాల్సి వస్తే ఇంకా పడుతుంది. నిబంధనలు కేంద్రానివి కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లోనూ గడువులు ఇవే, రేట్లు మాత్రం అక్కడివి వేరు.

మొదటి బిల్లు రాగానే కేటగిరీ గడి చూడండి, తప్పుంటే ఆ నెలలోనే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి. యూనిట్లు మీ సబ్‌మీటరుకి ఎక్కడా పొంతన లేకుండా వస్తుంటే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, అదే నిబంధనల ప్రకారం 5 రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం 3 నెలలు పోల్చి చూడాలి. మీరు రాసుకున్న తేదీలు, రీడింగులు ఫిర్యాదుకి జత చేయండి.