ల్యాప్‌టాప్‌లోనే సిమ్: లినక్స్‌లో లోపలి మోడెమ్‌ని పనిచేయించడం

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మాది చిన్న ఆన్‌లైన్ షాపు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ వైఫై రూటర్ ఆగిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే సరిగ్గా ఫీజు కట్టే టైముకే ఎవరో ఒకరు కాల్ చేస్తారు. ఎదురుగా కూర్చున్న పిల్లోడు "అన్నా, కట్టినావా?" అని టెన్షన్ పడుతుంటాడు. అందుకే ఒక సిమ్ ల్యాప్‌టాప్‌లోనే పెట్టేశాను. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ కాదు, దాని బదులు వాడే లినక్స్ (అందులో ఉబుంటు అనే రకం).

మనవైపు సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్‌లు (లెనోవో ల్యాప్‌టాప్‌లు) చాలావరకు బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి తెచ్చుకుంటాం. సిమ్ స్లాట్ కనిపించింది కదా అని లోపల మోడెమ్, అంటే సిమ్‌తో నెట్ తెచ్చే కార్డు, ఉందనుకోవద్దు. కొన్నింటిలో మోడెమ్ కార్డు ఉండదు, ఇంకొన్నింటిలో యాంటెన్నా వైర్లు కూడా ఉండవు. మొహమాటపడకుండా వెనక మూత విప్పించి చూడండి. కార్డు మీద స్టిక్కర్ కూడా చదవండి. సియెర్రా వైర్‌లెస్ కంపెనీ మోడెమ్ కార్డులు ఈఎమ్ 7455, ఈఎమ్ 7430 రెండూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. తేడా బ్యాండ్లలో, అంటే సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీల్లో. జియో 4జీ 3, 5, 40 బ్యాండ్ల మీద నడుస్తుంది. 7455కి బ్యాండ్ 40 లేదు, 7430కి ఉంది. బీఎస్ఎన్ఎల్ 4జీకి కావలసిన బ్యాండ్ 28 కూడా 7430కే ఉంది. ధరలో పెద్ద తేడా లేకపోతే 7430 తీసుకోండి. 7455 ఇప్పటికే చేతిలో ఉంటే పారేయనక్కర్లేదు, బ్యాండ్ 3 దొరికినచోట బాగానే పనిచేస్తుంది.

సిమ్ పెట్టేముందు మిషన్ పూర్తిగా ఆఫ్ చేయండి. పాత మోడళ్లలో స్లాట్ మైక్రో సైజు, మన సిమ్‌లేమో నానో. అడాప్టర్‌లో పెట్టి దోపితే తీసేటప్పుడు నానో సిమ్ జారి, ఖాళీ అడాప్టర్ అంచు లోపలి పిన్నులకు తగులుకుంటుంది. వెనకవైపు, అంటే బంగారు రంగు లేనివైపు, సన్నటి టేపు ముక్క అంటిస్తే ఆ బాధ ఉండదు.

ఇక లినక్స్ సంగతి. ఈ కార్డు లోపలున్నా సిస్టమ్‌కి యూఎస్‌బీ పరికరంగానే కనిపిస్తుంది. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. 1199:9079 అనే నంబరు కనిపిస్తే కార్డు బతికే ఉంది. తర్వాత ఎమ్ఎమ్‌సీఎల్ఐ, స్పేస్, మైనస్, పెద్ద ఎల్ కొడితే మోడెమ్ పేరు వస్తుంది. ఇక్కడిదాకా అందరికీ సాఫీగానే జరుగుతుంది. ఆన్ చేయబోతే మాత్రం ఎర్రర్. మోడెమ్ పవర్ స్టేట్ ఎప్పుడు చూసినా ఇంగ్లీషులో 'లో' (తక్కువ) అనే ఉంటుంది. చాలామంది ఇక్కడే డ్రైవర్ లేదనుకుని ఉబుంటు తీసి ఇంకోటి ఎక్కిస్తారు. దండగ పని.

అది తాళం. అమెరికాలో రేడియో పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌సీసీ నిబంధనల ప్రకారం మోడెమ్, ల్యాప్‌టాప్, యాంటెన్నా మూడింటినీ కలిపి పరీక్షిస్తారు. వేరే ల్యాప్‌టాప్‌లో పెట్టి వాడకుండా కార్డుకు లాక్ వేసి పంపుతారు. విండోస్‌లో కంపెనీ సాఫ్ట్‌వేరే చప్పుడు చేయకుండా దాన్ని తీస్తుంది. లినక్స్‌లో మోడెమ్‌ని నడిపే ప్రోగ్రాం మోడెమ్‌మేనేజర్ కూడా ఒకప్పుడు తనంతట తాను తీసేది, 1.18.4 వెర్షన్ నుంచి మానేసింది. ఉబుంటు 22.04లో ఉన్నది దాని తర్వాతి వెర్షనే. తాళం చెవి మాత్రం సిస్టమ్‌లోనే పెట్టి ఉంచారు. యూఎస్ఆర్ కింద షేర్, అందులో మోడెమ్‌మేనేజర్, అందులో ఎఫ్‌సీసీ-అన్‌లాక్ డాట్ అవైలబుల్ డాట్ డి అనే ఫోల్డర్ తెరిస్తే, నంబర్ల పేర్లతో స్క్రిప్టులు (చిన్న ప్రోగ్రాం ఫైళ్లు) ఉంటాయి. మన 1199:9079 పేరున్న స్క్రిప్టుకి అక్కడి నుంచి ఈటీసీ, మోడెమ్‌మేనేజర్, ఎఫ్‌సీసీ-అన్‌లాక్ డాట్ డి ఫోల్డర్‌లోకి ఎల్ఎన్ మైనస్ ఎస్ కమాండ్‌తో లింక్ పెట్టాలి. కమాండ్ ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడపమనే మాట) తప్పనిసరి, ఎందుకంటే రూట్‌కి, అంటే సిస్టమ్ అడ్మిన్‌కి, చెందని ఫైలును మోడెమ్‌మేనేజర్ నడపదు. ఇలాంటి స్క్రిప్టులు లిబ్‌క్యూఎమ్ఐ-యుటిల్స్, లిబ్‌ఎమ్‌బిమ్-యుటిల్స్ ప్యాకేజీల్లోని కమాండ్లతో నడుస్తాయి, ముందే ఇన్‌స్టాల్ చేసుకోండి. తర్వాత మోడెమ్‌మేనేజర్ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే పవర్ స్టేట్ 'ఆన్' అవుతుంది. కార్డుకి పవర్ పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ తాళం పడుతుంది గానీ, లింక్ ఉంది కాబట్టి దానంతటదే తీసుకుంటుంది.

మిగతాది సులువే. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ కొత్తది చేసి ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కి దారి పేరు) ఇవ్వండి. జియోకి జియోనెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేయండి. ఆటోమేటిక్‌గా కనెక్ట్ కావాలని టిక్ పెడితే, వైఫై ఉన్నంతసేపు నెట్ దాని మీదే నడుస్తుంది, అది తెగితే మొబైల్ మీదికి మారుతుంది. రూటర్ వెలిగే ఉండి ఫైబర్ మాత్రమే తెగితే మాత్రం వెంటనే మారకపోవచ్చు, అప్పుడు వైఫైని మనమే ఆఫ్ చేస్తే సరి.

ల్యాప్‌టాప్ మూసి తెరిచాక మోడెమ్ మాయమైతే మోడెమ్‌మేనేజర్ సర్వీస్‌నే ఇంకోసారి రీస్టార్ట్ చేయండి. ఆధార్, బ్యాంకుకి లింకైన సిమ్ మాత్రం ఇందులో పెట్టకండి. ఓటీపీలు ల్యాప్‌టాప్‌కే వస్తాయి. అవి చదవడానికి మోడెమ్ మేనేజర్ జీయూఐ అనే ప్రోగ్రాం ఉంది గానీ, కౌంటర్ ముందు పది మంది నిలబడి ఉన్నప్పుడు దాన్ని తెరవడం నాకైతే ఇష్టముండదు.