పాత ఉంగరాలకు వెలకట్టడం – నాలుగో పాఠం: నల్లగా కనిపించే రాయి

పాత ఉంగరం మీది ముద్రను, రాయిని గుర్తించమన్న గత పాఠపు అభ్యాసానికి మిర్యాలగూడ, దేవరకొండ, వనపర్తి నుంచి వచ్చిన జవాబులన్నీ చదివాను. ముద్రల విషయంలో ఎవరూ పొరబడలేదు కాబట్టి బంగారం స్వచ్ఛత చెప్పే 585, 750 అంకెల జోలికి మళ్లీ పోను. రాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది "టార్చి వెలుగు లోపలికి పోలేదు, కనుక ఇది ఓనిక్స్" అని, అంటే వెలుగు దూరని నల్లరాయి అని, ఒకే తీర్పు రాశారు. ఈసారి చెప్పదలచిన ధర లెక్క కొంత వెనక్కి జరగక తప్పదు.

1940–60 ప్రాంతపు కాక్‌టెయిల్ ఉంగరాల్లో, అంటే విందులకు పెట్టుకునే ఆడంబరమైన ఉంగరాల్లో, రాయి పెద్దది, చాలాసార్లు లోతుగా కోసినది. గార్నెట్ అనే ముదురు ఎర్రరాయి అయినా, ముదురు నీలమణి అయినా, లోతు పెరిగేకొద్దీ వెలుగును మింగేసి నల్లగా కనిపిస్తుంది. పైనుంచి టార్చి వేస్తే ఆ వెలుతురు పైతలం మీద తళుక్కుమని మీ కంటికే తిరిగి వస్తుంది తప్ప లోపలి రంగును చూపదు. రాయిని పొదిగిన గూడు వెనుక మూసి ఉంటే పరిస్థితి మరీ అన్యాయం. గది చీకటి చేసి, సన్నని పెన్ను టార్చి మొనను రాయి నడుముకు, అంటే పైభాగమూ కిందిభాగమూ కలిసే అంచుకు, ఆనించి, ఎదుటి అంచును పదింతల భూతద్దంతో చూడండి. మొబైల్ టార్చి వద్దు, దాని వెలుగు నలుదిక్కులా చెదిరిపోతుంది. ఎదుటి అంచులో గీతంత ఎరుపు కనిపిస్తే గార్నెట్‌ను, నీలిరంగు కనిపిస్తే నీలమణిని లేదా కృత్రిమ స్పినెల్‌ను (అలాగే కనిపించే వేరే రాయి) అనుమానించాలి. ఏ రంగూ రాకపోతేనే ఓనిక్స్, నల్ల స్పినెల్, నల్లని గాజుతో చేసిన రాయి లెక్కలోకి వస్తాయి. లోపల వంపు తిరిగిన గీతలుంటే అది కొలిమిలో పుట్టిన రాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నాయ్ ఆ పద్ధతిని 1902లోనే ప్రకటించాడు గనుక, ఉంగరం పాతది కావడం రాయి సహజమైనదనడానికి సాక్ష్యం కాదు.

వనపర్తి పాఠకురాలి ఉంగరంలో అంచు పండిన నేరేడు రసంలా ఎర్రబడింది. ఉంగరాన్ని దారానికి వేలాడదీసి, రాయి దగ్గరకు నియోడిమియం అనే బలమైన అయస్కాంతం తెస్తే మెల్లగా దానివైపు తిరిగింది. బంగారం అలా తిరగదు, ఓనిక్స్ తిరగదు; ఇనుము కలిసిన గార్నెట్ తిరుగుతుంది. కొత్తగూడెం వైపు గరీబ్‌పేట గుట్టలో దొరికేది కూడా ఈ జాతి గార్నెట్టే. అయితే కొలత సరిచేయడానికి ఉంగరం లోపల ఉక్కు స్ప్రింగు వేసి ఉండవచ్చు కనుక, ముందుగా వేలికి తొడిగే కడియం భాగాన్ని విడిగా పరీక్షించాలి.

మొత్తం తూకంలోంచి రాయి తూకం తీసేస్తేనే బంగారం తేలుతుంది కనుక, రాయి పేరు తప్పితే బంగారం తూకమూ తప్పుతుంది. కోడిగుడ్డు ఆకారపు కోత రాయికి పొడవు, వెడల్పుల సగటును మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి, దాన్ని లోతుతోనూ, రాయి సాంద్రతతోనూ, 0.0020తోనూ హెచ్చిస్తే రాయి తూకం సుమారు క్యారెట్లలో వస్తుంది (ఒక్కో క్యారెట్టు 0.2 గ్రాములు). ఆమె రాయి 14, 12 కొలతలది. గూడు వెనుక తెరిచి ఉండడంతో లోతు 7 అని కొలవగలిగాం. సాంద్రత 4.05గా తీసుకుంటే గార్నెట్ 9.6 క్యారెట్లు, అంటే 1.9 గ్రాములు, ఓనిక్స్ అనుకుని 2.60 వేస్తే 1.2 గ్రాములే. అంటే లేని బంగారం 0.7 గ్రాములు లెక్కలో చేరింది.

ఓనిక్స్ అని తేలినా, నలుపు రంగు వేసినదని ధర తగ్గించకండి. దాదాపు నల్ల ఓనిక్సంతా అలాంటిదే. 1963 నాటి బంగారం నియంత్రణ నిబంధనలు నగల బంగారాన్ని 14 క్యారెట్ల స్వచ్ఛతకు (ఇది రాయి తూకపు క్యారెట్టు కాదు) పరిమితం చేశాయి కనుక, ఆ కాలపు దేశీ ఉంగరంలో పసిడి తక్కువని ముఖం తిప్పుకోవద్దు. కరిగింపు ధర, అంటే నగను కరిగిస్తే వచ్చే బంగారం ధర, కనీస ధర మాత్రమే, దానిమీద పనితనానికి ఎంత కలపాలో వచ్చే పాఠంలో చూద్దాం.

అభ్యాసం: ముదురు రాయి ఉన్న నగలు మూడు సంపాదించి, ఒక్కొక్కదానికి అంచు రంగు, అయస్కాంతం ఫలితం, మూడు కొలతలు రాయండి. రాయి ఏదై ఉండవచ్చో రెండేసి పేర్లు అనుకుని, రెండు సాంద్రతలతోనూ లెక్కవేసి, రాయి తూకాన్ని మొత్తం తూకంలోంచి తీసేస్తే మిగిలే నికర బంగారాన్ని పక్కపక్కన రాయండి. అవుసలిని అడగడం ఆ తర్వాతే. రాయి మీద ఆమ్లం చుక్క వేయకండి.