రీడింగ్ కదలట్లేదంటే సమతాస్థితి వచ్చినట్టేనా?

చెన్నై ఎండాకాలం, వంటింటి మూల మట్టికుండ. గాలి 34 డిగ్రీలుంటే లోపలి నీళ్లు 30 దగ్గర ఆగాయనుకోండి. గంట తర్వాత చూసినా అదే అంకె. అయినా అది ఉష్ణగతిక సమతాస్థితి కాదు. కుండ చెమ్మ ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతోంది, అంతే వేడి గాలిలోంచి కుండలోకి వస్తోంది. రాకపోకలు సరిపోయి అంకె నిలబడింది. దీని పేరు స్థిర స్థితి. సమతాస్థితిలో అసలు ప్రవాహమే ఉండదు.

తేల్చాలంటే ప్రవాహాన్ని ఆపి చూడాలి. కుండకు మూతపెట్టి మొత్తాన్నీ ప్లాస్టిక్ కవర్‌లో బిగించి కట్టండి. ఏసీ ఆపండి, లేకపోతే గదే మారిపోతుంది. కొన్ని గంటల్లో నీళ్లు గది ఉష్ణోగ్రతకు ఎక్కుతాయి. బెంగళూరు మార్చి పొడిగాలికి కుండ ఇంకా చల్లబడుతుంది కాబట్టి అక్కడ తేడా మరింత స్పష్టం. వంటకు వాడే ప్రోబ్ థర్మామీటర్ చాలు. జ్వరానిది వద్దు, అది సుమారు 35 నుంచి 42 దాకానే చూపుతుంది.

ఇక వేణ్ణీళ్లు, చన్నీళ్లు. 100 గ్రాముల స్టీలు చెంబులో 30 డిగ్రీల నీళ్లు 200 గ్రాములు, అందులో 80 డిగ్రీలవి 200 గ్రాములు పోయండి. కాగితం మీద 55. చెంబు కూడా వేడెక్కాలి కదా! వేడి పట్టడంలో అంత స్టీలు సుమారు 12 గ్రాముల నీళ్లతో సమానం, అందుకే 54.3. రీడింగ్ ఇంకా తక్కువొస్తే అది ఆవిరైనదీ, గాలికి పోయినదీ.

ఎక్కువమంది పొరబడేది కలపడంలోనే. వేడి నీళ్లు పైన తేలతాయి, ప్రోబ్ ఎక్కడుంటే అక్కడి అంకే చూపుతుంది. పావు నిమిషం గరిటెతో తిప్పి, పైనా అడుగునా చూడండి. రెండూ ఒకటైతే నీళ్లలో నీళ్లు సర్దుకున్నట్టు. గదితో సర్దుకోవడానికి గంటలు పడుతుంది. ఈలోగా అర నిమిషానికోసారి రీడింగ్ రాసుకుని, గ్రాఫ్ గీసి, ఆ గీతను కలిపిన క్షణం దాకా వెనక్కి లాగితే నష్టం లేని విలువ దొరుకుతుంది.

ఐసుతో చేస్తే థర్మోకోల్ కప్పు వాడండి. 30 డిగ్రీల నీళ్లు 200 గ్రాముల్లో 0 డిగ్రీల ఐసు 50 గ్రాములు వేస్తే 24 కాదు, 8 దాకా దిగుతుంది. గ్రాము ఐసు కరగడానికే 334 జౌళ్లు కావాలి. ఐసును గుడ్డతో తుడిచి తూచండి: ఆ 50లో 5 గ్రాములు అంటుకున్న నీళ్లే అయితే ఫలితం ఒకటిన్నర డిగ్రీ పైకి పోతుంది.