చిన్న ఆఫీసులో ఇంటర్‌కమ్ పెట్టుకోవడం, చూసుకోవడం ఎలా?

ఒక చిన్న నర్సింగ్ హోం అనుకోండి. రిసెప్షన్, ఇద్దరు డాక్టర్ల గదులు, ల్యాబ్, మందుల షాపు, మేడ మీద వార్డు. ఆరు ఫోన్లు, రెండు బయటి లైన్లు. ఇంతమాత్రానికి 308 రకం ఈపీఏబీఎక్స్ పెట్టె, అంటే లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతోనూ కలిపే పెట్టె, సరిపోతుంది. ఆ అంకెకు మామూలుగా 3 బయటి లైన్లు, 8 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు) అని అర్థం. రెండు ఎక్స్‌టెన్షన్లు మిగులుతాయి, మిగలాలి కూడా. పెట్టెలో ఫోను తీగ తగిలించే పోర్టు ఏదైనా పోతే తీగను వెంటనే ఖాళీ పోర్టులోకి మార్చుకోవచ్చు.

పెట్టెను రిసెప్షన్ వెనక గోడకు, ఛాతీ ఎత్తులో బిగించండి. తడి తగిలే గోడ, మోటారు స్టార్టర్ పక్కన ఉండే చోటు వద్దు.

ఇక తీగలు. పెట్టె ఏ కంపెనీదైనా పదేళ్లు నడవచ్చు, ఇబ్బందులన్నీ వచ్చేది తీగల్లోనే. అందుకే డబ్బులు ఇక్కడ ఖర్చు పెట్టండి. ప్రతి ఫోనుకూ పెట్టె నుంచి విడిగా కేబుల్ లాగండి. రెండు జతల కేబుల్ అయితే ఒక జత వాడకానికి, ఇంకోటి స్పేర్. తీగ 0.5 మిల్లీమీటర్ల అసలు రాగిది కావాలి. రాగి పూత ఉన్న అల్యూమినియం తీగ చవకే గానీ మడతల దగ్గర విరుగుతుంది. కరెంటు వైర్లు వెళ్లే పైపులో ఫోను తీగ వేయకండి. గరగర శబ్దం సంగతి అటుంచితే, అది ప్రమాదం. మధ్యలో జాయింట్లు పెట్టకండి.

రెండు చివరలా నంబరు రాసి లేబుల్ అంటించండి. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఒక క్లినిక్‌లో వార్డు ఫోను మోగడం లేదంటే వెళ్లాను. కేబుళ్లన్నీ ఒకే రంగు, ఒక్కదానికీ లేబుల్ లేదు. తెగింది ఏదో కనుక్కునేసరికి సాయంత్రమైంది, అతకడానికి పది నిమిషాలు పట్టింది. అంతసేపూ ప్రతి చిన్న కబురుకూ నర్సు మెట్లు ఎక్కి దిగుతూనే ఉంది.

పెట్టె దగ్గర తీగలను క్రోన్ మాడ్యూల్‌లో, అంటే తీగలను నొక్కి బిగించే పట్టీలో, కూర్చండి. దానికి క్రోన్ టూలే వాడాలి, స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లోపలి పళ్లు విచ్చుకుని తీగ లూజవుతుంది. రింగ్ వచ్చేటప్పుడు ఈ తీగల్లో సుమారు 75 వోల్టులు ఉంటుంది. కాబట్టి పెట్టె స్విచ్ ఆపి, బయటి లైన్ కూడా ఊడదీసిన తర్వాతే చేయి పెట్టండి. ఎర్త్ స్క్రూను మంచి ఎర్తింగ్‌కు కలపడం మరవొద్దు. పిడుగుల కాలంలో కాస్త రక్షణ అదే.

ఇప్పుడు బయటి లైన్ చాలాచోట్ల ఫైబర్ మోడెమ్ నుంచే వస్తోంది. దాని ఫోన్ పోర్టుకు ముందు మామూలు ఫోను తగిలించి మాట్లాడి చూసి, తర్వాతే పెట్టెకు కలపండి. పెట్టెతోపాటు మోడెమ్‌ను కూడా యూపీఎస్ మీద పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు ఇంటర్‌కమ్ పనిచేస్తుంది, బయటికి మాత్రం లైన్ ఉండదు.

సెట్టింగుల్లో అందరూ తడబడేది సున్నా దగ్గరే. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే ముందు సున్నా నొక్కాలి. చాలా పెట్టెల్లో బయటి లైన్‌కూ సున్నాయే. అంటే సున్నా, మళ్లీ సున్నా, ఆపైన పది అంకెలు. సున్నాతో మొదలయ్యే నంబర్లను ఆపే పాత ఎస్టీడీ లాక్ అలాగే ఉంటే మొబైల్ కాల్స్ ఆగిపోతాయి. పోనీ 8తో మొదలయ్యే మొబైళ్ల కోసం 08 తెరుద్దామా అంటే, విజయవాడ 0866, విశాఖ 0891 కూడా వాటితోపాటే తెరుచుకుంటాయి. నా సలహా, బయటి లైన్ వచ్చాక నొక్కే, విదేశీ కాల్స్ వెళ్లే 00 ఒక్కటి మూసేసి మిగతావి వదిలేయండి. 112, 108 మాత్రం ప్రతి ఫోను నుంచీ వెళ్లాలి. లైన్ కోసం ముందు సున్నా నొక్కాలని ప్రతి ఫోను మీదా పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. టెన్షన్‌లో ఉన్న మనిషికి అది గుర్తుండదు.

కాల్ ట్రాన్స్‌ఫర్ చేయబోతే కట్ అవుతోందా? ఫోనులో ఫ్లాష్ టైమ్, అంటే ఫ్లాష్ బటన్ నొక్కితే లైన్ ఎంతసేపు తెగి ఉంటుందో, చూడండి. 600 మిల్లీసెకన్లు ఉంటే 100కు తగ్గించి ప్రయత్నించండి. అవతలివాళ్లు పెట్టేసినా లైన్ బిజీగానే ఉంటే బిజీ టోన్‌ను గుర్తించే సెట్టింగ్ సరిచేయాలి.

నెలకోసారి ప్రతి ఫోను నుంచీ ఒక కాల్ చేసి చూడండి, పెట్టె మీద దుమ్ము, చీమలు లేకుండా తుడవండి. యూపీఎస్ బ్యాటరీని రెండు మూడేళ్లకు మార్చండి.

ఫోను పనిచేయకపోతే ముందు బాగున్న ఇంకో ఫోను తెచ్చి అక్కడే పెట్టి చూడండి. మోగితే చెడింది పాత ఫోనే. మోగకపోతే అదే ఫోను నేరుగా పెట్టె పోర్టుకు తగిలించండి. అక్కడ టోన్ వస్తే లోపం తీగలో ఉంది, స్పేర్ జతకు మార్చండి. రాకపోతే ఖాళీ పోర్టుకు మార్చండి. ఇంకేమీ తోచక ఫ్యాక్టరీ రీసెట్ చేయాలనిపిస్తే ఆగండి, సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. ఏ పోర్టు ఏ గదిదో, ఏ కోడ్ కొట్టారో రాసిన కాగితాన్ని పెట్టె మూత లోపలే అంటించి ఉంచండి, దాని ఫొటో యజమాని ఫోన్‌లోనూ ఉండాలి.