ధాన్యం లేని అరటిపండు బ్రెడ్ ఇంట్లో ఎలా చేయాలి?

పండగ వెళ్లిన నాలుగో రోజుకి మా బరంపురం ఇంట్లో అరటి అత్తం అంతా నల్లబడిపోతుంది. తినమంటే ఎవరూ ముట్టుకోరు. ఈ బ్రెడ్‌కి కావలసింది ఆ పండే. బజార్లో పసుపుపచ్చగా నిగనిగలాడేది తెస్తే తీపి చాలదు.

మా ఆడపడుచు కొడుక్కి గోధుమ పడదు. వాడి కోసం మొదలుపెట్టిన వంట ఇది. ఇందులో మైదానే కాదు, బియ్యప్పిండి, రాగి, జొన్న, మొక్కజొన్న ఏవీ ఉండవు. చాలామంది బాదం పొడితో చేస్తారు. పలాస ఇంత దగ్గర పెట్టుకుని మనకు బాదం దేనికి? జీడిపప్పు ముక్క తెచ్చుకోండి. ఎలాగూ పొడి కొట్టేదే కాబట్టి విరగని గుండు పప్పుకి డబ్బు పోయనక్కర్లేదు.

కావలసినవి: జీడిపప్పు పావుకిలో, తొక్క తీసిన పండు 300 గ్రాములు, గుడ్లు 3, సగ్గుబియ్యం పొడి 2 పెద్ద చెంచాలు, వంటసోడా అర టీస్పూను, నిమ్మరసం ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు, రెండు యాలకులు. పేరులో బియ్యం ఉన్నా సగ్గుబియ్యం కర్రపెండలం నుంచి వచ్చేదే, టెన్షన్ వద్దు. బేకింగ్ పౌడర్ మాత్రం వద్దు, అందులో తరచుగా మొక్కజొన్న పిండి కలుస్తుంది.

అసలు కష్టం జీడిపప్పు పొడి దగ్గరే. మిక్సీ ఆపకుండా తిప్పితే పప్పులోని నూనె బయటికొచ్చి ముద్ద కడుతుంది. మొదటిసారి నాకు అదే అయింది, చట్నీలా తయారైంది. జార్ పొడిగా ఉండాలి. కొంచెం కొంచెంగా వేసి, రెండు సెకన్లు తిప్పి ఆపి, జార్ ఊపి మళ్లీ తిప్పండి. జల్లించి, మిగిలిన రవ్వని మళ్లీ వేయండి.

పండుని చేత్తోనే మెదిపి, గుడ్లు, నిమ్మరసం వేసి గిలకొట్టండి. పొడులన్నీ విడిగా కలిపి ఇందులో వేయండి. పిండి గరిట నుంచి జారాలి గానీ కారకూడదు. సోడా ఎక్కువైతే బాగా పొంగుతుందనుకుని నేను ఒకసారి నిండు చెంచా వేశాను. సబ్బు వాసన వచ్చింది. అర టీస్పూను దాటొద్దు.

గిన్నెకి నెయ్యి రాసి, అడుగున బటర్ పేపర్ వేసి పిండి పోయండి. ఓవెన్ 170 డిగ్రీల దగ్గర 50 నిమిషాలు. జీడిపప్పు త్వరగా ఎర్రబడుతుంది, అరగంటకే పైభాగం రంగు తిరిగితే రేకు కాగితం కప్పండి.

ఓవెన్ లేదా? పాత కుక్కర్లో గ్లాసున్నర ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, గాస్కెట్టూ విజిలూ తీసేసి మూత పెట్టండి. పది నిమిషాలు వేడయ్యాక పిండి గిన్నెని స్టాండ్ మీద పెట్టి, సిమ్‌లో సుమారు గంట ఉంచండి. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

దించాక ముట్టుకోకండి! దీనికి గోధుమ జిగురు ఉండదు, గుడ్డే పట్టి ఉంచాలి. వేడిమీద కదిపితే ముక్కలైపోతుంది. నేను ఆగలేక బోర్లించిన రోజు "ఇది బ్రెడ్డా, హల్వానా?" అన్నారు మా అత్తయ్య. పిల్లలు చెంచాలతో తిన్నారు. కనీసం గంట ఆగి అప్పుడు కోయండి.

ధాన్యం లేదు కదా అని ఏకాదశికి పెట్టేయకండి, గుడ్లు ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్లకీ ఇది మందు కాదు, పండులో తీపి ఎక్కడికీ పోదు.

రెండో రోజుకి ఫ్రిజ్‌లో పెట్టాలి. తినేముందు పెనం మీద కాస్త నెయ్యి వేసి ముక్కని రెండు వైపులా కాలిస్తే అంచులు కరకరలాడతాయి.