టర్బో కారును డైనో ఎక్కించే ముందు

ఎండాకాలంలో టర్బో కారుకు రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించాలనుకునేవాళ్లు డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) షీటు మీద పెద్ద అంకె కోసం వెళ్లకండి. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో అరగంట ఉడికిన కారు, హైవే ఎక్కి ఫుల్ థ్రాటిల్ తొక్కినా నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి అంటుకోవడం) లేకుండా లాగాలి. ట్యూనర్‌తో ముందే ఈ మాట అనుకోండి. డిసెంబర్ పొద్దున చివరి గుర్రం (హార్స్‌పవర్) దాకా పిండేసిన మ్యాప్ (ఆ సాఫ్ట్‌వేర్‌లోని లెక్కల పట్టిక) ఎండల్లో ఇబ్బంది పెడుతుంది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కితే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఇచ్చే సమయం) వెనక్కి లాగుతుంది, పవర్ పడిపోతుంది. అలా లాగడానికి మ్యాప్‌లో చోటే లేకపోతే పిస్టన్‌కే ప్రమాదం.

మన దగ్గర ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టీఎస్ఐలను (ఆ కంపెనీల టర్బో పెట్రోల్ ఇంజిన్లు) చాలామంది ట్యూన్ చేయిస్తారు కాబట్టి వాటితోనే చెబుతాను. వర్టుస్, స్లావియా 1.5 టీఎస్ఐ కంపెనీ నుంచే 150 పీఎస్ పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్‌తో వస్తుంది. ఆటోమేటిక్‌లో ఉండే డీక్యూ200 అనే డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్ తట్టుకునే టార్క్ రేటింగ్ కూడా 250 న్యూటన్ మీటర్లే. స్టేజ్ 1 (పార్టులు మార్చకుండా సాఫ్ట్‌వేర్‌తోనే చేసే ట్యూన్) ఎక్కించి టార్క్ పెంచిన రోజే గేర్‌బాక్స్ హద్దు దాటేసినట్టు. పాత పోలో జీటీ 1.2 టీఎస్ఐలో ఇదే గేర్‌బాక్స్ ఉంది కానీ ఇంజిన్ టార్క్ 175 మాత్రమే, అందుకే దానికి కొంత వెసులుబాటు ఉంది. 1.5 ఆటోమేటిక్ వాళ్లు టార్క్‌ను ఉన్నచోటే ఆపి, పై ఆర్‌పీఎంలో మాత్రం కొంచెం పవర్ అడగండి. 2000 లోపు ఆర్‌పీఎంలో బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) గుమ్మరించడం ఇంజిన్‌కూ మంచిది కాదు. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో అక్కడే స్పార్క్ రాకముందే గాలి, పెట్రోల్ మిశ్రమం అంటుకునే ప్రమాదం ఎక్కువ. ఒక్కసారి గట్టిగా జరిగినా పిస్టన్ పగలొచ్చు.

డైనో బుక్ చేసే ముందు కారు ఆరోగ్యం చూపించండి. బూస్ట్ లీక్ టెస్ట్ తప్పనిసరి. గొట్టం దగ్గర గాలి పోతుంటే టర్బో ఆ లోటు పూడ్చడానికి ఎక్కువ వేగంతో తిరుగుతుంది, బయటికి ఏమీ తెలియదు. ఆయిల్ ఫ్రెష్‌గా, సరైన గ్రేడ్‌ది ఉండాలి. స్పార్క్ ప్లగ్స్ పాతవైతే మార్చేయండి. గ్యాప్ ఎక్కువైతే బూస్ట్ ఒత్తిడికి స్పార్క్ నిలవక మిస్‌ఫైర్ వస్తుంది. కూలెంట్ లెవెల్ చూడండి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చెక్ చేయించండి. స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్స్ చదివించండి. ఒక్క కోడ్ ఉన్నా దాని సంగతి తేలేదాకా డైనో వాయిదా వేయండి.

పెట్రోల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రోజూ ఏ పెట్రోల్ కొట్టిస్తారో అదే ట్యాంకులో పెట్టుకుని డైనోకి వెళ్లండి. 100 ఆక్టేన్ పెట్రోల్ ఎక్స్‌పీ100 మీద ట్యూన్ చేయించుకుని, ఊరెళ్లినప్పుడు మామూలు పెట్రోల్ కొట్టించారంటే ఇగ్నిషన్ టైమింగ్ లెక్కలన్నీ తప్పుతాయి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇ20లో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) ఇథనాల్ వల్ల నాకింగ్‌ను తట్టుకునే గుణం మెరుగే. కానీ ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోలిస్తే అదే గాలికి దాదాపు 8 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు అప్పటికే హద్దులో ఉంటే బూస్ట్ పెరిగినప్పుడు ఫ్యూయల్ ప్రెషర్ జారిపోతుంది, మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందదు. ఇ20కి ముందు చేయించిన పాత మ్యాప్ ఉన్నవాళ్లు ఒకసారి లాగ్ (కారు నడుస్తుండగా సెన్సర్ల అంకెల రికార్డు) తీయించుకోవాలి.

ఇక డైనో గది. పుల్, అంటే ఫుల్ థ్రాటిల్‌తో తీసే ఒక్కో కొలత, సాధారణంగా 1:1కి (గేర్‌బాక్స్ లోపలికీ బయటికీ ఒకే వేగం) దగ్గరగా ఉండే గేర్‌లో, ఎక్కువగా నాలుగులో చేస్తారు. కారు కదలదు కానీ టైర్లు గంటకు 150 కిలోమీటర్ల దాకా తిరుగుతాయి. పక్కన ఉబ్బు, పగుళ్లు, పాత పంక్చర్ ప్యాచ్‌లు ఉన్న టైర్లతో వెళ్లొద్దు. ట్రెడ్‌లో ఇరుక్కున్న రాళ్లు తీసేయండి, అవి రోలర్ మీద బుల్లెట్లలా ఎగురుతాయి. కారును ముందూ వెనకా కట్టిన స్ట్రాప్‌లను ఒక పుల్ అయ్యాక మళ్లీ బిగించమనండి. రోలర్ల వరుసలో, అంటే కారుకు సరిగ్గా ముందుగానీ వెనకగానీ, ఎవరూ నిలబడకూడదు. వీడియో తీసే స్నేహితుడికి ఇది గట్టిగా చెప్పండి. చున్నీలు, మెడలో వేలాడే ఐడీ కార్డులు తీసి లోపలికి వెళ్లాలి. పిల్లల్ని అసలు తీసుకెళ్లొద్దు. పొగను బయటికి లాగే ఫ్యాన్ ఉందో లేదో అడగండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి మొదలైతే వెంటనే బయటికి రావాలి. మంటలార్పే సిలిండర్ చేతికందే చోట లేకపోతే ఆ డైనో వద్దని నేనంటాను.

హైవే మీద కారుకు తగిలే గాలికి డైనో ఫ్యాన్ సాటిరాదు. అందుకని పుల్‌కూ పుల్‌కూ మధ్య ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత మొదటి స్థాయికి దిగిందా అని స్క్రీన్ మీద చూడండి. తొందరపెట్టకండి. ఏ మార్పూ చేయకముందు స్టాక్ (కంపెనీ ఇచ్చిన) మ్యాప్‌తో ఒక పుల్ తీయించండి. డైనోకీ డైనోకీ అంకెలు మారతాయి, కాబట్టి మీ కారును దాని పాత అంకెతోనే, అదే డైనో మీద పోల్చుకోవాలి. నాక్ రిటార్డ్ (నాకింగ్ వల్ల ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగడం) పెరిగినా, మిశ్రమం లీన్ అయినా, ఆయిల్ వేడెక్కినా పుల్ మధ్యలోనే ఆపేయాలి. ఆపేది ఎవరో ముందే తేల్చుకోండి.

కొత్త మ్యాప్ ఫైల్ ఈసీయూలో రాసేటప్పుడు బ్యాటరీకి స్థిరమైన పవర్ సప్లై తగిలించాలి. మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఈసీయూ పనికిరాకుండా పోవచ్చు. స్టాక్ ఫైల్ కాపీ మీ దగ్గరా ఉంచుకోండి. అయితే స్టాక్‌కి తిప్పేసినా వారంటీ భద్రమని అనుకోవద్దు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో ట్యూన్ చేసినట్టు తేలితే టీడీ1 అనే కోడ్ కారు రికార్డులో పడుతుంది. వాహనంలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా చదవండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

చివరి పుల్ అయ్యాక ఇంజిన్ టక్కున ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచితే టర్బోలో ఆయిల్ మాడదు. ఇంటికి నెమ్మదిగా నడపండి. ఆ వారంలోనే మండుటెండలో ఒక రోడ్ లాగ్ తీసి ట్యూనర్‌కు పంపండి. దారిలో చెక్ ఇంజిన్ లైట్ మిణుకు మిణుకుమంటే అది మిస్‌ఫైర్, క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది. యాక్సిలరేటర్ వదిలి కారు పక్కకు ఆపండి, అక్కడి నుంచి టోయింగ్‌లోనే తీసుకెళ్లండి.